గ్యాసు గోలీలు, మనసు గోలీలు



2001వ సంవత్సరము ఆగస్టు మాసమున, మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ సంస్థ, అమెరికాలో ప్రోజాక్ అను పేరున వాసికెక్కిన ఫ్లూఆక్సెటిన్ ఔషధమును 40 మిల్లీగ్రాముల గుళికగా తయారుచేసి అచ్చటి విపణిలో ప్రవేశపెట్టి, 180 దినములపాటు ఆ జెనెరిక్ గుళికను తానొక్కటియే అమ్ముకొను ప్రత్యేకాధికారము పొందిన తొలి భారతీయ సంస్థగా కీర్తి గడించినప్పుడు, ఆ వార్తను మనవారు షేర్ల ధరల పట్టికలో చదివి సంతోషించిరే గాని, ఆ గుళిక ఏ వ్యాధికి వాడుదురో, ఆ వ్యాధి మన ఇండ్లలో ఎందరికి కలదో విచారించినవారు అరుదు. ఆ సంస్థను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు అంతకు పూర్వము బాలానగరులోని ఐ.డి.పి.ఎల్. కర్మాగారములో పనిచేసి ఔషధరసాయన విద్యలో చేయి తిరిగినవారు. ఆ బాలానగరును, వారి సంస్థకు కర్మాగారములున్న బాచుపల్లియును, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనివే. ఇంక మేడ్చల్‌లో శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో దేశీయమైన హెపటైటిస్-బి టీకాను వెలువరించిరి. శామీర్‌పేట దాటిన పిదప తుర్కపల్లి వద్ద జినోమ్ వ్యాలీలో కరోనా కాలమున కోవాక్సిన్ పుట్టినది. మందుల కంపెనీలో రాత్రి షిఫ్టు ముగించుకొని కంపెనీ బస్సు దిగి ఇల్లు చేరువారు వీధి వీధినా కనబడు ఇట్టి ఔషధసీమలో, నలుబది అయిదేండ్లు దాటిన గృహస్థుడొకడు, “మనసుకు సంబంధించిన గోలీ ఒకటి వ్రాయుదునా?” అని వైద్యుడడిగిన క్షణమున కుర్చీ వెనుకకు జరిపి, “నాకేం పిచ్చి లేసిందా సార్?” అని లేచిపోవుచున్నాడు.

ఈ గృహస్థుడు ఏ ఒక్కరును కారు. మేడ్చల్ బస్‌స్టాండులోను, శామీర్‌పేట పెద్దచెరువు కట్టమైసమ్మ గుడి వద్దను మనకు నిత్యము ఎదురగు పలువురిని కలిపి నేను కూర్చిన మూర్తి. ఈయన తండ్రికి ద్రాక్షతోట ఉండెడిది. ఈ ప్రాంతపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష ఒకప్పుడు నగరమునకు ఎంత ప్రియమైనదో పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. అవుటర్ రింగు రోడ్డు వచ్చిన పిమ్మట తోట ప్లాట్లయ్యెను. ప్లాట్లు అన్నదమ్ముల నడుమ వ్యాజ్యమయ్యెను. మిగిలిన సొమ్ముతో ఈయన రియల్ ఎస్టేటులో దిగగా, ఒక వెంచరు కోర్టు స్టేలో చిక్కెను, పాడుకొనిన చిట్టీ సొమ్ము వడ్డీలకే చాలెను. కుమారుని ఇంజనీరింగు ఫీజు, కుమార్తె పెండ్లి సంబంధములు, పక్షవాతముతో మంచము పట్టిన తండ్రి, తనకే క్రొత్తగా బయటపడిన బీపీ, షుగరు – ఇవి యన్నియు నలుబదికిని ఏబది అయిదింటికిని నడుమనే ఏకకాలమున వచ్చి మీదపడుట మగవాని జీవితమున విచిత్రమేమియు కాదు. ఆ వయస్సు స్వభావమే అట్టిది.

కాని యొక దినమున శరీరము మొరాయించును. పడుకొనగనే నిద్ర పట్టును గాని తెల్లవారు జామున మూడు గంటలకు మెలకువ వచ్చి మరల రెప్ప వాలదు. ఫోను మ్రోగినంతనే గుండె దడదడలాడును, అరచేతులు చెమర్చును, ఎడమచేయి తిమ్మిరి యెక్కినట్లును, గొంతులో ఏదో అడ్డుపడినట్లును తోచును. దావతులకు పోవుట మానును. ఆకలి మందగించును. అన్నము వడ్డించుట క్షణ మాలస్యమైనచో పళ్ళెము త్రోసివేసి లేచును. కన్నీరు మాత్రము రాదు. అందుచేతనే ఇంటివారికి గాని, తనకు గాని ఇది దుఃఖమని తోచదు. వైద్యుడు “మనసుకు బాధగా ఉన్నదా?” అని అడిగిన, “బాధేం లేదు సార్, పానం మంచిగుంటలేదు, ఛాతిల గ్యాస్ పట్టినట్లయితుంది” అను ప్రత్యుత్తరమే వచ్చును. మన పురుషుల విషాదమునకు ముఖము కోపము, నోరు గ్యాసు.

ఇది వట్టి ఊహ కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో పన్నెండు రాష్ట్రములలో 34,802 మంది వయోజనులను పలుకరించి జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో – ఆ పన్నెండింటిలో మన తెలుగు రాష్ట్రములు రెండును లేవు – డిప్రెషన్ నలుబది మొదలు నలుబది తొమ్మిది యేండ్ల వయస్సువారిలోను, మహానగరములలోను అధికముగా కనబడినది. ఆ వ్యాధి కలవారిలో నూటికి ఎనుబది అయిదుగురు ఏ చికిత్సయు పొందనివారు. డిప్రెషన్ స్త్రీలలోనే హెచ్చని అన్ని దేశముల లెక్కలును చెప్పుచున్నవి. ఐనను 2022లో మన దేశమున ఆత్మహత్య చేసికొనిన 1,70,924 మందిలో 1,22,724 మంది పురుషులు. రోగము తక్కువ, మరణము ఎక్కువ అను ఈ విపర్యయమునకు కారణములు పెక్కులు కలవు గాని, చెప్పుకొనక, చూపించుకొనక కాలము గడుపుట వానిలో ఒకటి యని నాకు తోచుచున్నది.

ఈ మూర్తి వైద్యయాత్రను ఒకింత అనుసరింతము. మొదట వీధి చివరి ఆర్‌ఎంపీ వద్ద ఒక సెలైను, బలమునకొక సూది. తరువాత మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొనిన గ్యాసు గోలీలు. ఒక అర్ధరాత్రి ఛాతీ పట్టివేసి ఆయాసము రాగా, భార్యయు బావమరదియు కారులో వేసికొని కార్పొరేటు ఆసుపత్రికి పరుగు. అచట ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ. మరి కొన్ని దినములకు ఎండోస్కోపీ. అన్నియు నార్మల్. నార్మల్ అను మాట వినిన వెంటనే ఆయనకు ధైర్యము రావలసినది పోయి, డాక్టర్లకు చిక్కని మహారోగ మేదియో తన్ను తినివేయుచున్నదను భయము పుట్టెను. ఇచట నే నొక మాట చెప్పక తప్పదు. బీపీ, షుగరు కల నలుబది అయిదేండ్ల వానికి ఛాతీ నొప్పి వచ్చినపుడు ముందుగా గుండెను పరీక్షించుటయే సరియైన వైద్యము. ఆ పరీక్షలను పరిహసించుట నా యుద్దేశము కాదు. దోషమెల్ల, పరీక్షలు ముగిసిన పిదప కాగితములు కవరులో పెట్టి “ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి” అని పంపివేయుటలో కలదు. ఉన్నది కనుకనే కదా ఆయన వచ్చెను!

మన ప్రాచీన వైద్యులు ఈ తప్పు చేయలేదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదవ అధ్యాయములో వాతజ వ్యాధులు ఎనుబది లెక్కించుచు, నడుము నొప్పి, పార్శ్వశూల, వణకు మున్నగువాని సరసనే విషాదమును, అస్వప్నమును, అనవస్థితచిత్తత్వమును చేర్చిరి. నిద్ర లేమియు, నిలుకడ లేని మనస్సును, కుంగుబాటును కడుపు బాధతోపాటు ఒకే వరుసలో కూర్చుండబెట్టిన ఆ గ్రంథకర్తకు, గ్యాస్ పట్టినదని వచ్చిన మన గృహస్థుడు పరిహాసపాత్రుడుగా కనబడి యుండడు. శరీరమున తోచిన బాధ శరీరముననే ఉన్నది; అది పుట్టిన చోటు మాత్రము వేరు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. మనసు గోలీ యనిన భయపడి లేచిపోయిన ఈయన, నిజమునకు మందులు వాడనివాడా? సాయంకాలమున ఆయన జేబులు, సంచి, కారు డాష్‌బోర్డు తెరచి చూచిన, గ్యాసు గోలీలు ఒక అట్ట, తలనొప్పి గోలీలు ఒక అట్ట, నిద్రకొరకు దోస్తు ఇచ్చిన గోలీలు నాలుగు, నరముల బలహీనతకు టీవీ ప్రకటన చూచి తెప్పించిన చూర్ణము ఒక డబ్బా, వీనికి తోడు రాత్రి నిద్రకు ఒక క్వార్టరు. క్వార్టరుకు చేయి చాలనినాడు కల్లు కాంపౌండు. ఏ మోతాదు ఎంతయో, దేనితో దేనికి పడదో, ఎన్నాళ్ళు వాడవలెనో చెప్పు నాథుడు లేకయే నడచు ఈ చికిత్సకు ఆయన ఎన్నడును జంకలేదు. కావున ఆయన ముందున్న ప్రశ్న మందు తీసికొనవలెనా వలదా యనునది కాదు. తెలిసిన మందా, తెలియని మందా యనునది.

తెలియని మందు అనుట అతిశయోక్తి కాదు. జంటనగరములలో మూతబడియుండిన కల్లు కాంపౌండ్లు 2014లో మరల తెరువబడినవి. చుట్టుప్రక్కల ఈత, తాటి చెట్ల లెక్కకును, సీసాలలో అమ్ముడగు కల్లు లెక్కకును పొంతన కుదరని చోట్ల, ఆ తేడాను పూరించునది నీరును, చక్కెరయు, వానికి మత్తు కూర్చు అల్ప్రాజోలమ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అను మందులును అని ఎక్సైజు శాఖ కేసులు పలుమారు వెల్లడించినవి. నగర శివారులలో మూతబడిన రసాయన కర్మాగారములలో రహస్యముగా అల్ప్రాజోలమ్ వండుచు పట్టుబడిన ముఠాల వార్తలను మనము చదువుచునే యున్నాము. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీపై కఠినముగా వ్యవహరింపగా, నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో ఆ మత్తు హఠాత్తుగా అందక, వందలాది మంది వణకు, మూర్ఛ, మతిభ్రమలతో ఆసుపత్రులకు చేరిరి. అందు కొందరిని మన ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు తీసికొనివచ్చిరి. ఆ రోగులలో పెక్కురు తాము కల్లు త్రాగుచుంటిమనియే తలచినవారు. అదే అల్ప్రాజోలమును మెడికల్ షాపులో కొనవలెనన్న వైద్యుని చీటీ కావలెను, దానిని పుస్తకమున నమోదు చేయవలెను. 2014 మార్చి నుండి అమలులోనున్న హెచ్-1 షెడ్యూలు శాసించునది అది. వ్యసనమునకు లోబరచు మందును సీసాలో పోసికొని త్రాగుటకు వెనుదీయని మనిషి, వ్యసనము కలిగింపని మందును చీటీపై చూచి భయపడుట మన కాలపు వింతలలో ఒకటి.

వైద్యులు వ్రాయు చీటీలోను ఒక ఉచ్చు కలదు. మన దేశమున ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ అను రెండు మందులను ఒకే గోలీగా కూర్చి విరివిగా అమ్ముదురు. ఇందు మొదటిది కుంగుబాటునకును ఆందోళనకును వాడునది, నెమ్మదిగా పనిచేయునది, అలవాటు పెట్టని జాతిది. రెండవది అల్ప్రాజోలమునకు చుట్టము, ఆ రాత్రియే నిద్రపుచ్చునది, కాలక్రమమున విడువరానిది. మొదటి వారములలో ఆందోళన అణచుటకు రెండవదానిని కొలది దినములు ఇచ్చుట కలదు, దానిని తప్పనరాదు. కాని రోగి యేమి చేయును? ఏ గోలీ వేసికొనిన రాత్రి నిద్ర పట్టెనో దానినే తన మందని నమ్మి, వైద్యుని యొద్దకు మరల పోక, పాత చీటీతో మెడికల్ షాపులోనే ఏండ్ల తరబడి కొనుక్కొనును. కావున చీటీ చేతికి వచ్చినపుడు, ఇందు ఏది దీర్ఘకాలమునకు, ఏది కొలది దినములకు అని అడిగి తెలిసికొనుట రోగి హక్కు. ఆ ప్రశ్నకు విసుగుకొను వైద్యుని మార్చుకొనుటయు హక్కే.

ఈ మందులు నిజముగా పనిచేయునా? వీని పుట్టుకయే యాదృచ్ఛికము. 1950 దశాబ్దపు ఆరంభమున న్యూయార్కు స్టాటెన్ ద్వీపములోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఇప్రోనియాజిడ్ అను మందిచ్చి చూడగా, ఊపిరితిత్తుల మాట యటుండ, మంచము పట్టిన రోగులు లేచి ఉల్లాసముగా తిరుగుట వైద్యులు గమనించిరి. 1957లో స్విట్జర్లాండుకు చెందిన రోలండ్ కూన్ అను వైద్యుడు, వేరొక మనోవ్యాధికి పరీక్షించుచుండిన ఇమిప్రమిన్ డిప్రెషన్ రోగులను బాగుపరచుచున్నదని ప్రకటించెను. ఫలితము ముందు, సిద్ధాంతము వెనుక. మెదడులో సెరటోనిన్ తగ్గుటచే కుంగుబాటు కలుగునను సిద్ధాంతము ఆ తరువాత వ్యాపించినది. 1987 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ప్రోజాక్‌తో అది ఇంటింటి మాట యైనది. 2022లో లండను ఆచార్యురాలు జొవానా మాన్‌క్రీఫ్ బృందము అంతవరకు జరిగిన పరిశోధనల నెల్ల తిరగవేసి, ఆ సిద్ధాంతమునకు నిలుకడయైన ఆధారము లేదని తేల్చినది. కొందరు దీనిని విని, ఐనచో మందే బూటకమని ఎగిరి గంతువేసిరి. అది తొందరపాటు. ఎట్లు పనిచేయుచున్నదో తెలియకపోవుట, పనిచేయుట లేదనుటకు సాక్ష్యము కానేరదు.

పనిచేయుటను గూర్చిన సాక్ష్యము వేరుగ ఉన్నది. 2018లో లాన్సెట్ పత్రికలో ఆక్స్‌ఫర్డుకు చెందిన ఆండ్రియా సిప్రియాని బృందము 522 పరీక్షలను, అందు పాల్గొనిన 1,16,477 మంది రోగుల ఫలితములను క్రోడీకరించి, 21 మందులును ఉత్తుత్తి మాత్రకంటె మేలని నిరూపించినది. ఐతే ఆ మేలు సగటున మితమైనదే. పరీక్షలలో పెక్కులు ఎనిమిది వారములవే. అమెరికాలో వేలాది రోగులపై జరిగిన స్టార్-డి అను అధ్యయనమున, మొదట ఇచ్చిన మందుతో పూర్తిగా కోలుకొనినవారు సుమారు మూడవ వంతు. తక్కినవారికి మందు మార్చియో, మరొకటి చేర్చియో ప్రయత్నింపవలసి వచ్చినది. ద్రాక్షతోట ఎరిగిన మన గృహస్థునకు ఈ మందు స్వభావమును ఇట్లు చెప్పవచ్చును: పందిరి కాయలు కాయదు, నేలబడిన తీగెను పైకెత్తి పట్టును. వెంచరు కోర్టులోనే యుండును; వడ్డీ వడ్డీయే. వకీలును కలిసి మాటలాడుటకు వలసిన నిద్రయు, ఓపికయు, తెలివియు మాత్రము తిరిగి వచ్చును.

అందరికిని గోలీ వలయునా? వలదు. వ్యాపారము దెబ్బతిని పది దినములు నిద్ర పట్టనివానికి, తండ్రి పోయి నెల గడువక ముందే అన్నము సయింపనివానికి, వెంటనే మందు వ్రాయుట నాకు సమ్మతము కాదు. లక్షణములు స్వల్పమైనపుడు నడక, నియతమైన నిద్ర, త్రాగుడు మానుట, ఎవరితోనైన మనసు విప్పుట – ఇవియే ముందు చేయవలసినవి. మనస్తత్వవేత్తలు మనకు తక్కువ, వారి రుసుము ఎక్కువ, నిజమే. కాని గోవాలో ఆచార్య విక్రం పటేల్ బృందము ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో, మానసిక వైద్య పట్టా లేని సామాన్య సలహాదారులకు శిక్షణ యిచ్చి, ఆరు మొదలు ఎనిమిది సమావేశములలో రోగిని మరల పనులలోనికి, మనుష్యులలోనికి నడిపించు పద్ధతిని పరీక్షించిరి. 2017లో వెలువడిన ఆ ఫలితములలో, మూడు నెలలకు ఆ పద్ధతి పొందినవారిలో నూటికి 64 మంది తేరుకొనగా, సాధారణ వైద్యము మాత్రమే పొందినవారిలో 39 మంది తేరుకొనిరి. మాటకును బలము కలదని ఇంతకంటె వేరు సాక్ష్యమెందుకు? ఐనను, రెండు వారములకు మించి దినమంతయు ఏ పనియందును రుచి లేక, నిద్రాహారములు చెడి, పని నిలిచిపోయి, బ్రతుకుటెందుకను తలపు వచ్చుచున్నవానిని నడకతో, యోగముతో సరిపెట్టుకొమ్మనుట దయ కాదు. వానికి మాటయు మందును రెండును కావలెను.

మందు వ్రాయక ముందు మంచి వైద్యుడు కొన్ని సంగతులు విచారించును. అతడు విచారింపనిచో రోగియే చెప్పవలెను. థైరాయిడు తగ్గిన కుంగుబాటు వచ్చును. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడువారికి బి-12 తగ్గి నీరసము, తిమ్మిరులు రావచ్చును. రాత్రి గట్టిగా గురకపెట్టుచు ఊపిరి ఆగి ఆగి వచ్చు స్థూలకాయునికి నిద్రలేమి వేరు జాతిది. అన్నిటికంటె ముఖ్యము: ఎప్పుడైన కొన్ని వారములపాటు నిద్ర లేకయే మహోత్సాహముతో తిరిగి, తాహతుకు మించిన ఒప్పందములు చేసి, అప్పులు తెచ్చిన కాలము ఒకటి యుండెనేమో చెప్పవలెను, అట్టివానికి ఈ మందు ఒంటరిగా ఇచ్చిన ఆ ఉద్రేకము తిరిగి లేవవచ్చును. రియల్ ఎస్టేటు వారిలో దానిని ఇంటివారు ‘మంచి సీజను’ అని పొరపడుట కలదు. ఇంక జేబులోని అట్టలన్నియు బల్లమీద పెట్టి చూపవలెను. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివానితో కలిసిన రక్తస్రావపు భయము హెచ్చును. ట్రమడాల్‌తో కలియుట ప్రమాదము. ఆ గ్యాసు గోలీలలో ఒమెప్రజోల్ జాతివి ఎస్సిటాలోప్రామ్‌ను రక్తమున పెంచును. కల్లు, సారాయి మాట దాచరాదు. దానిని ఒక్కసారిగా మానుటయు ఒక్కొక్కప్పుడు ప్రమాదకరము, వైద్యుని చేతిమీదుగ మానవలెను.

మొదటి రెండు వారములు పరీక్షాకాలము. వికారము, నీళ్ళ విరేచనములు, తలనొప్పి, ఒక్కొక్కనికి పూర్వముకంటె ఎక్కువ అలజడి – ఇవి ముందు వచ్చును. మేలు వెనుక వచ్చును, రెండు మొదలు ఆరు వారములలో. ఈ క్రమము తెలియనివాడు నాలుగవ నాడే “ఈ గోలీ నాకు పడలే” అని పారవేయును. కావున తక్కువ మోతాదుతో ఆరంభించి మెల్లగా పెంచుట ఆచారము. ఇంతకంటె మగవాడు పెదవి విప్పి అడుగజాలని భయము ఒకటి కలదు. ఆకాశవాణిలో పలుకదగునా యని సందేహింపక చెప్పెదను: ఈ జాతి మందులతో కామేచ్ఛ తగ్గుటయు, స్ఖలనము ఆలస్యమగుటయు తరచుగా జరుగును. దీనిని ముందుగ చెప్పక వైద్యుడు ఊరకుండును. జరిగిన పిదప చెప్పుకొనలేక రోగి మందు మానివేయును. ఇద్దరి మొగమాటము నడుమ చికిత్స చెడును. మోతాదు తగ్గించుట, బుప్రోపియాన్, మిర్టజపిన్ వంటి వేరు జాతి మందునకు మారుట వంటి ఉపాయములు కలవు. షుగరు, బీపీ, సిగరెట్టు, కుంగుబాటు – ఇవియు ఆ శక్తిని హరించునవే కనుక, మందుకు ముందే పరిస్థితి యెట్లుండెనో చెప్పినవానికే, తరువాత దోషము ఎవరిదో తేల్చుట సులభము.

“ఎర్రగడ్డకు తోలాలె” అను ఎత్తిపొడుపు వినుచు పెరిగిన తరమునకు మానసిక వైద్యుని గుమ్మమెక్కుట సులభము కాదని యెరుగుదును. కుమార్తె సంబంధము చెడునేమో, కంపెనీలో తెలియునేమో యను బెదురు నిజమైనదే. కాని 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి వివరములను గోప్యముగ ఉంచుకొను హక్కు నిచ్చినది. శరీరవ్యాధులతో సమముగా మనోవ్యాధులకును బీమా కల్పింపవలెనని శాసించినది. ఎర్రగడ్డదాక పోనక్కరయు లేదు. మేడ్చల్ మండలపు ఘనపూరులో వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. వైద్యకళాశాల యన్నచోట మానసిక విభాగము ఉండితీరును, ఓపీ చీటీలో ఆ విభాగమునకు వేరు రంగు లేదు. ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ రెండును జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో ఉన్నవి. జెనెరిక్ రూపమున వాని ఒక దినపు ధర, ఒక సాయంకాలపు క్వార్టరు ఖర్చుకంటె మిక్కిలి తక్కువ.

ఇంటివారికి ఒక మాట. ఈ దశలో ఉన్నవానికి బావమరదులు, తోడల్లుళ్ళు చేయు గీతోపదేశము వ్యర్థము. “నీకేం తక్కువ బావా, ప్లాట్లు లేవా, పిల్లలు లేరా” అను ఓదార్పు వానికి నేరారోపణ వలె వినబడును. భార్య చేయగలిగిన మేలు, వానిని మొదటిమారు వైద్యుని వద్దకు వెంటబెట్టుకొని పోవుట. కోపమును గూర్చి, త్రాగుడును గూర్చి, మూడు గంటల మెలకువను గూర్చి ఆమె చెప్పు సాక్ష్యము ఆయన చెప్పు గ్యాసు కథకంటె వైద్యునికి ఎక్కువ ఉపకరించును. వాని నోట చావు మాట వచ్చినపుడు “అట్లనకు” అని నోరు మూయింపక, నిజముగ అట్టి తలపు కలుగుచున్నదా యని నెమ్మదిగా అడుగవలెను. అడిగినందువలన లేని తలపు పుట్టదు. ఒంటరిగ విడువక, ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను, రుసుము లేక, తెలుగుననే మాటలాడవచ్చును. మూడు గంటల మెలకువ వేళ కూడ.

చివరకు, “ఎన్నాళ్ళు వేసుకోవాలె సార్?” అను ప్రశ్న. మొదటి మారు వచ్చినవానికి, పూర్తిగ బాగైన పిదప ఆరు మొదలు తొమ్మిది నెలలు కొనసాగించుట వాడుక. రెండు మూడు మారులు తిరగబెట్టినవానికి ఇంకను ఎక్కువ. బాగైనదని హఠాత్తుగా ఆపిన తలతిరుగుట, చిరాకు, వింత కలలు, తలలో కరెంటు తగిలినట్లు జలదరింపు వచ్చును. ఇది కొంతకాలముండి పోవునదే యైనను, రోగి దానిని చూచి వ్యాధి తిరగబెట్టెననియో, గోలీకి బానిసనైతిననియో బెదరును. అందుచే వారముల తరబడి కొంచెము కొంచెముగా తగ్గించి మానవలెను. ఆ తగ్గింపునకు ముహూర్తము వెదకువారికి నా సలహా: కుమార్తె పెండ్లి నెల వలదు, కోర్టు వాయిదా వారము వలదు, రిజిస్ట్రేషనుకు డబ్బు సర్దుకొను దినములు వలదు, ఏ తొందరయు లేని ఒక ఋతువు చూచుకొని, తేదీని వైద్యునితో కలిసి క్యాలెండరుపై వ్రాసికొని, ఆ సంగతి భార్యకును చెప్పి, అప్పుడు మొదలుపెట్టవలెను.